బొమ్మల కథల వీరులు – నాకు తోచిన నాలుగు మాటలు



స్టడీ అవర్‌లో చేతిలో బొమ్మల పుస్తకం కనబడితే "ఇంత వయసొచ్చినా ఇంకా బొమ్మలేనా?" అని మందలించడం మామూలే. ఈమధ్య వరుసగా కొన్ని కామిక్ పుస్తకాలు చదివాను. వాటి మీద నా అభిప్రాయాలు రాస్తున్నాను. మీకు నచ్చకపోతే భోజనాల వరుసలో వాదించుకుందాం.

ముందుగా వీటిని ఎలా చదవాలో చెబుతాను. పేజీని గడులుగా విడగొడతారు. గడికీ గడికీ మధ్య తెల్లని సందు ఉంటుంది. అసలు కథ ఆ సందులోనే నడుస్తుంది. ఒక గడిలో అమ్మ చేతికి గాజులుంటాయి. పక్క గడిలో ఉండవు, ఇంట్లో విత్తనాల మూటలు ఉంటాయి. మధ్యలో ఏం జరిగిందో ఎవరూ రాయరు. చెనిక్కాయ వేసే ఇళ్ళ నుంచి వచ్చిన మనకు రాయనక్కరలేదు కూడా.

సూపర్‌మ్యాన్ 1938లో జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు అమెరికన్ యువకుల చేతిలో పుట్టాడు. మొదట్లో అతనికి ఎగరడం రాదు, దూకడమే. అదే సంవత్సరం వచ్చిన మూడో సంచికలో ఒక గని కూలుతుంది. రక్షణ ఏర్పాట్లకు డబ్బు ఖర్చు పెట్టని యజమానిని, విందుకు వచ్చిన అతని మిత్రులతో సహా, సూపర్‌మ్యాన్ అదే గనిలో ఇరికిస్తాడు. అంతసేపూ గని కూలీ వేషమే, ఎర్ర వస్త్రం లేదు. బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు నాపరాయి గనుల్లో నాన్నలు పనిచేసిన వాళ్ళు మనలో ఉన్నారు. వాళ్ళు ఈ కథ తప్పక చదవాలి. తర్వాతి కాలంలో అతను గ్రహాలను నెట్టేంత బలవంతుడయ్యాడు. నాకు ఆసక్తి పోయింది. దెబ్బ తగలనివాడి కథలో భయపడటానికి ఏముంది?

స్పైడర్‌మ్యాన్ అలా కాదు. 1962లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో సృష్టించిన ఈ కుర్రవాడికి సాలీడు కుట్టి శక్తులొచ్చాయి గాని డబ్బు రాలేదు. 1963 నాటి తొలి సంచికలో ప్రదర్శన ఇచ్చి చెక్కు సంపాదిస్తాడు. అది స్పైడర్‌మ్యాన్ పేరు మీద ఉంది. గుర్తింపు కాగితం లేదని బ్యాంకులో డబ్బివ్వరు! స్కాలర్‌షిప్ ఖాతా కోసం కుల, ఆదాయ పత్రాలు పట్టుకుని తిరిగిన ఎవరికైనా ఆ పేజీ దగ్గర నవ్వొస్తుంది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవదు. అదే కథలో పిన్నమ్మ మే తన నగలు కుదువ పెట్టడం అతని కంటబడుతుంది. గోడలెక్కగలడు, ఆ నగలు విడిపించలేడు.

2004లో మన దేశం కోసం ప్రత్యేకంగా ఒక స్పైడర్‌మ్యాన్ వచ్చాడు. పేరు పవిత్ర్ ప్రభాకర్. పల్లె నుంచి స్కాలర్‌షిప్ మీద ముంబై బడికి వస్తాడు. అతని బట్టలు చూసి తోటివాళ్ళు ఎగతాళి చేస్తారు. కొత్తగా చేరిన రోజున మనలో ఎంతమందికి ఇది జరగలేదు? అక్కడిదాకా నాకు చాలా నచ్చింది. తర్వాత ఒక యోగి ప్రత్యక్షమై శక్తులు ఇచ్చేస్తాడు. ఇండియా అనగానే యోగి ఎందుకో! జీవన్ కాంగ్ బొమ్మలు మాత్రం చూడదగ్గవి. నాలుగు సంచికలతోనే ముగిసింది.

చివరిది వీరుడి కథే కాని ముసుగు లేదు. 2011లో వచ్చిన 'భీమాయన' అంబేడ్కర్ జీవితంలోని ఘటనల పుస్తకం. గోండు కళాకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ బొమ్మలు వేశారు. నేను పైన చెప్పిన గడులు ఇందులో లేవు. మనుషుల్ని పెట్టెల్లో బంధించకుండా పేజీ అంతా పారుతుంది. మెత్తని మాటల బుడగ పక్షి ఆకారంలో ఉంటుంది. గాయపరిచే మాటల బుడగకు తేలు తోక ఉంటుంది. మొదటి భాగం నీళ్ళ గురించి. 1901లో తండ్రి దగ్గరికి గోరేగావ్ బయలుదేరిన చిన్న భీముడికి దారి పొడవునా తాగడానికి నీళ్ళివ్వరు. ఎండాకాలంలో ట్యాంకరు కోసం బిందెలు వరుసపెట్టే ఊళ్ళ వాళ్ళం, దాహమంటే తెలుసు. కాని ఎదురుగా నీళ్ళుండీ ఇవ్వకపోవడం వేరు. అదెలా ఉంటుందో మా జేజి చెబుతుండేది. పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగేవాళ్ళట.

ఆ పుస్తకం మా గదిలో ఆరో తరగతి తమ్ముడికి చూపించాను. ఇంగ్లీషు చదవలేకపోయాడు. పేజీలు తిప్పి, తేలు తోక ఉన్న బుడగల్ని ఒక్కొక్కటే వేలితో చూపిస్తూ, "అన్నా, ఈయన తిడుతున్నాడు కదా?" అన్నాడు. ఒక్కటీ తప్పు చెప్పలేదు.