ద్రాక్షతీగల వంశవృక్షం

నదీమూలం, ఋషిమూలం విచారింపరాదని పెద్దల మాట. అయితే వృక్షశాస్త్ర విద్యార్థి తీగ మూలాన్ని విచారింపక తప్పదు. పేరుపొందిన పండుకు ఎవరూ ఎరుగని తల్లి ఉండవచ్చుననియు, ఆ తల్లిని పోగొట్టుకొనుట మనకే నష్టమనియు తెలుపుటే ఈ వ్యాస ప్రయోజనం.

ముందుగా మన రాష్ట్రాలలో ప్రసిద్ధమైన 'అనాబ్-ఎ-షాహి'ని చూతము. అరబ్బీలో 'అనబ్' అనగా ద్రాక్ష; పారశీకంలో 'షాహి' అనగా రాజుకు సంబంధించినది. 1890లో అబ్దుల్ బాకర్ ఖాన్ గారు దీనిని హైదరాబాదుకు తెచ్చినారని ఉద్యానశాస్త్ర గ్రంథాలు చెప్పుచున్నవి. దీని సంతతి మాత్రం స్పష్టంగా ఉన్నది. 'బెంగుళూరు బ్లూ'తో కలిపినపుడు 'అర్కా హంస', 'థాంప్సన్ సీడ్‌లెస్'తో కలిపినపుడు 'అర్కా శ్వేత' జన్మించినవి. 'దిల్‌ఖుష్' అట్టి సంతానం కాదు. అనాబ్-ఎ-షాహి తీగ నుండియే మార్పుతో ఏర్పడిన శాఖ.

ఈ భేదం గమనింపదగినది. గింజ నుండి మొలిచిన మొక్క తల్లిదండ్రులిద్దరి జన్యువులను చెరిసగం పొందును. కొమ్మ నాటి పెంచిన తీగ తల్లికి ప్రతిరూపమే. అందువలన శతాబ్దాల నాటి ద్రాక్షరకం నేటికీ మారక నిలువగలదు. తల్లి, బిడ్డ ఒకే కాలంలో జీవించియుండుటచే డి.ఎన్.ఏ. గుర్తులను సరిపోల్చి బంధుత్వం నిర్ణయింప వీలగును.

ఈ పద్ధతి ఫ్రాన్సు దేశపు ద్రాక్షల విషయంలో వింత ఫలితాలనిచ్చినది. అచట ద్రాక్షను మద్యానికై పెంచుదురు. మన చర్చ తీగను గురించియే గాని పానమును గురించి కాదు. షార్దొనే, గామే వంటి ప్రసిద్ధ రకాలు, అలిగోతే, మెలోన్, సాసీ, రొమొరాంతాన్ వంటి అంతగా తెలియని రకాలు మొత్తం 16 ఒకే దంపతుల బిడ్డలని 1999లో తేలినది. అందొకటి గౌరవనీయమైన 'పినో'. రెండవది 'గువే బ్లాన్', నాసిరకమని రైతులు ఈసడించి వదలివేసిన తీగ! అట్లే ప్రఖ్యాతమైన 'మెర్లో'కు తల్లి, అందరూ మరచిన 'మదలేన్ న్వార్' అను తీగ. బ్రిటనీ ప్రాంతంలో దాని మొక్క మిగిలియుండుటచేతనే 2009లో ఆ బంధుత్వం లోకానికి వెల్లడియైనది. ఆ తీగ కూడ నశించియుండినచో మెర్లో నేటికీ తల్లి తెలియని బిడ్డయే.

ఇక మన ఊళ్లకు వత్తము. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలలో సువర్ణరేఖ మామిడిని ఎరుగని వారుండరు. కోడూరు పరిశోధన స్థానంలో చిన్న సువర్ణరేఖను జహంగీర్‌తో కలిపి 'స్వర్ణ జహంగీర్' సృష్టించినారు. తెలుగు పేరు, పారశీక పేరు ఒకే పండులో ఒదిగినవి. కాని చేనిగట్లపై టెంక నుండి మొలిచిన నాటు మామిళ్ల మాటేమి? పీచెక్కువనో, పులుపనో వాటిని కట్టెలకు నరికివేయుట సులభం. వాటిలో ఏది రేపటి మేలురకానికి తల్లి కానున్నదో నేడు చెప్పగలవారెవరు?

విద్యార్థి మిత్రులారా! సెలవులలో మీ ఊరి పాత చెట్ల పేర్లు, కాపుకాలం, పండు రంగు, రుచి పెద్దలనడిగి వ్రాసికొని రండు. కళాశాల వారు ఆ వివరాలను ఒక పుస్తకంలో భద్రపరచినచో రాబోవు తరాలకు అది తరగని నిధి కాగలదు. గువే బ్లాన్ నేర్పిన పాఠమిదియే: ఫలాన్ని మెచ్చుకొనువారు తల్లిని మరువరాదు.