సముద్రపు అలంకరణ చేపలు: కొత్త సరకును వేరుగా నుంచు విధానము

ఖరగ్‌పూర్ రైలు కొరకు పుట్టిన పట్టణము. పంతొమ్మిదవ శతాబ్ది చివర బెంగాల్ నాగపూర్ రైల్వే ఇచ్చట కూడలిని, కర్మాగారమును నెలకొల్పిన నాటినుండి శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్నము ప్రాంతముల నుండి పనికై వచ్చిన తెలుగు కుటుంబములు తరతరములుగా ఇక్కడనే స్థిరపడినవి. ఉద్యోగ విరమణ సొమ్ముతోనో, బ్యాంకు రుణముతోనో చిన్న వ్యాపారము పెట్టుకొనువారు వారిలో కలరు. అట్టి వ్యాపారములలో అక్వేరియం దుకాణము ఒకటి. మంచినీటి చేపలకు కలకత్తా దగ్గర. గాలిఫ్ స్ట్రీట్‌లో ఆదివారపు సంత ఉండనే ఉన్నది. సముద్రపు చేపలు కావలెనన్న పలువురు చెన్నై వైపు చూచెదరు. సరకు రైలులో వచ్చును. కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై నుండి ఖరగ్‌పూర్‌కు ఒక పగలు, ఒక రాత్రి ప్రయాణము.

సముద్రపు చేపకు ధర ఎక్కువ, లాభము ఎక్కువ, చావు కూడ ఎక్కువ. మంచినీటి చేపలతో పది సంవత్సరములు అనుభవమున్న వర్తకుడు సైతము తొలి ఏడాదిలో ఇక్కడ దెబ్బ తినుటకు కారణము సాధారణముగా ఒకటే. వచ్చిన చేపను వచ్చిన దినముననే అమ్మకపు తొట్టెలోనికి వదలుట.

ఉదాహరణకు ఒక దుకాణములో 15,000 రూపాయల చేపలు ఆరోగ్యముగా నున్నవనుకొందము. 8,000 రూపాయల కొత్త సరకు వచ్చినది. అందులో ఒక్క చేపకు తెల్లమచ్చల వ్యాధి ఉన్నచో నష్టము 8,000 రూపాయలతో ఆగదు, 23,000 రూపాయలకు చేరును. ఆ తొట్టెలోని నీటిలో, ఇసుకలో, రాళ్ళలో క్రిమి మిగిలిపోవును గనుక మరల వేసిన చేపలు కూడ పోవును. వాయిదా మాత్రము నెల నెలా వచ్చుచునే యుండును.

మన ప్రాంతపు రొయ్యల రైతులకు ఈ పాఠము కొత్తది కాదు. 1994 తరువాత కోస్తా చెరువులలో తెల్లమచ్చ వైరస్ చేసిన నష్టము ఎవరును మరచియుండరు. (ఆ తెల్లమచ్చ వైరస్ వేరు, చేపల తెల్లమచ్చ వేరు. ఇది ఏకకణ జీవి వలన వచ్చునది. పేరు చూచి రెంటిని కలుపరాదు.) వనామీ తల్లి రొయ్యలను దేశములోనికి తెచ్చినప్పుడు వాటిని నేరుగా హేచరీకి పోనీయక, చెన్నై వద్ద నీలాంకరైలో 2009లో ఏర్పడిన జలచర క్వారంటైన్ కేంద్రములో ఉంచి, పరీక్షించిన పిదపనే విడుదల చేయు పద్ధతి అందుకే వచ్చినది. దేశము రొయ్యకు చేసిన పనిని దుకాణదారుడు తన వెనుక గదిలో చేపకు చేయవలసి యున్నది.

దీనికి పెద్ద ఖర్చు లేదు. వంద లీటర్ల గాజు తొట్టె గాని, ఆహార పదార్థములకు వాడదగిన ప్లాస్టిక్ టబ్బు గాని చాలును. అడుగున ఇసుక, రాయి, పగడపు ముక్క ఉండరాదు. చేప దాగుటకు పి.వి.సి. గొట్టపు ముక్కలు రెండు మూడు వేయవలెను. స్పాంజి ఫిల్టరును ముందుగానే ఆరోగ్యమైన తొట్టెలో కొన్ని వారములు నడిపి ఉంచినచో అమ్మోనియాను విరుచు సూక్ష్మజీవులు దానిలో చేరియుండును. ఒక హీటరు, ఒక థర్మామీటరు, సెలినిటీ చూచుటకు రిఫ్రాక్టోమీటరు, అమ్మోనియా టెస్ట్ కిట్ కావలెను. ఈ తొట్టెకు వల వేరు, బకెట్టు వేరు. వీటిని అమ్మకపు తొట్టెల వద్దకు తీసికొనిపోరాదు. పని వరుసలో కూడ ఆరోగ్యమైన తొట్టెలు ముందు, క్వారంటైన్ తొట్టె చివర.

నీటి సంగతి. దీఘా సముద్రము దగ్గరనే కదా అని పీపాలతో నీరు తెచ్చుకొనువారు కలరు. దీఘా హుగ్లీ ముఖద్వారమునకు సమీపమున ఉన్నది. అచ్చటి నీరు బురదతో కూడియుండును, ఉప్పదనము నిలకడగా ఉండదు. కృత్రిమ సముద్రపు ఉప్పునే వాడవలెను. వంటింటి ఉప్పు దీనికి పనికిరాదు. ఖరగ్‌పూర్ ఎర్రనేల ప్రాంతము గనుక బోరు నీటిలో ఇనుము ఉండవచ్చును. ఆర్.ఓ. నీటిలో ఉప్పు కలుపుట క్షేమము. సెలినిటీ 35 పి.పి.టి., ఉష్ణోగ్రత 25 నుండి 27 డిగ్రీలు. జనవరి రాత్రులందు హీటరు లేక చేప నిలువదు. మే నెలలో నీరు ఆవిరియై ఉప్పదనము పెరుగును గనుక తరిగినంత మేరకు మంచినీటినే చేర్చవలెను. కరెంటు పోయిన వేళకు బ్యాటరీ ఎయిర్ పంపు సిద్ధముగా నుండవలెను.

పార్శిలు విప్పునప్పుడే సగము చేపలు చచ్చుట కద్దు. దానికి కారణము తెలిసికొనవలెను. సంచిలో చేప విడుచు బొగ్గుపులుసు వాయువు వలన నీటి పి.హెచ్. తగ్గును. అదే నీటిలో అమ్మోనియా కూడ చేరుచుండును. కాని పి.హెచ్. తక్కువగా నున్నంత కాలము దాని విషము అణగియుండును. సంచి విప్పి గాలి తగిలిన వెంటనే వాయువు బయటకు పోయి, పి.హెచ్. పెరిగి, అణగియున్న అమ్మోనియా విషముగా మారును. కాబట్టి విప్పిన సంచిలోనికి గంటల తరబడి చుక్క చుక్కగా నీరు వదలు పద్ధతి, దూర ప్రయాణము చేసిన చేపకు మేలు చేయదు. సరకు పంపువానిని ముందుగానే అడిగి అతని నీటి సెలినిటీ తెలిసికొని, క్వారంటైన్ తొట్టెను సరిగా అంతకే సిద్ధపరచవలెను. గదిలో వెలుతురు తగ్గించి, మూసిన సంచిని 15, 20 నిమిషములు నీటిపై తేల్చి, విప్పిన వెంటనే చేపను మాత్రము తొట్టెలో వదలవలెను. సంచి నీరు పారబోయవలెను. తరువాత సెలినిటీ పెంచవలసి యున్నచో దినమునకు ఒకటి రెండు పి.పి.టి. చొప్పున మెల్లగా పెంచుకొనవచ్చును.

మొదటి దినము మేత ఆశింపరాదు. రెండవ దినము నుండి ఆర్టీమియా కొద్దిగా వేసి చూడవలెను. తినని చేపను అమ్మరాదు. మిగిలిన మేతను వెంటనే తీసివేయవలెను. అమ్మోనియా కనపడినచో అదే సెలినిటీ, అదే ఉష్ణోగ్రత గల నీటితో కొంత మార్చవలెను.

ఇక తెల్లమచ్చల వ్యాధి. దీనిని కలిగించు క్రిమి పేరు క్రిప్టోకారియాన్. చేప శరీరముపై, రెక్కలపై ఉప్పు రవ్వ చల్లినట్లు మచ్చలు కనపడును. చేప గొట్టములకు ఒరసికొనును, మొప్పలు వేగముగా ఆడించును. మచ్చ చేపపై 3 నుండి 7 దినములు మాత్రమే ఉండును. పిదప రాలి, అడుగునకు అంటుకొని, గూడు కట్టుకొని, లోపల వందలుగా విభజన చెందును. గూడు పగులుటకు సాధారణముగా 3 నుండి 28 దినములు పట్టును, కొన్ని 72 దినముల వరకు పట్టినట్లు కూడ గమనింపబడినది. బయటకు వచ్చిన పిల్ల క్రిమి ఒకటి రెండు దినములలో చేపను పట్టుకొననిచో చచ్చిపోవును.

వర్తకుడు మోసపోవునది ఇక్కడనే. ఆరవ దినమున మచ్చలు మాయమగును. మందు వేసినవాడు మందు పనిచేసినదనుకొనును, వేయనివాడు చేప అదే కోలుకొన్నదనుకొనును. చేపను అమ్మకపు తొట్టెకు మార్చును. రెండు వారములకు తొట్టె అంతయు మచ్చలే. అందుచేత కనీసము నాలుగు వారములు వేరుగా నుంచవలెను. అందులోను చివరి రెండు వారములు ఏ లక్షణమును లేక గడచియుండవలెను. అమ్మకపు తొట్టెలోనికి ఒకసారి క్రిమి ప్రవేశించినచో చేపలన్నిటిని తీసి సుమారు 11 వారములు దానిని చేపలు లేకుండ ఉంచవలసి వచ్చును. ఒక పూజల సీజను పోయినట్లే.

మందు లేకయే దీనిని తప్పించు మార్గము ఒకటి కలదు. చిన్న వర్తకునకు ఇదే తగినదని మా అభిప్రాయము. రెండు టబ్బులు తీసికొని, ప్రతి 72 గంటలకు చేపను ఒకదాని నుండి మరొకదానిలోనికి మార్చవలెను. రాలిన క్రిమి పగులుటకు కనీసము 3 దినములు పట్టును గనుక అది పగులక ముందే చేప వెడలిపోవును. నాలుగు మార్పులు, 12 దినములలో చేపపై నున్న క్రిములన్నియు వెనుక టబ్బులలో రాలిపోవును. ఖాళీయైన టబ్బును, గొట్టములను, వలను, ఎయిర్ రాయిని కడిగి ఎండలో పూర్తిగా ఆరబెట్టవలెను. తడి మిగిలినచో శ్రమ వృథా. పాత నీరు ఒక్క గ్లాసు కూడ కొత్త టబ్బులోనికి పోరాదు.

ఇంతకంటె భయంకరమైనది వెల్వెట్ వ్యాధి. మచ్చలు కావు, పుప్పొడి వంటి సన్నని పొడి కనపడును. కొన్నిసార్లు అదియు కనపడక, చేప మేత మాని రొప్పుచు రెండు మూడు దినములలో చచ్చును. టబ్బులు మార్చు పద్ధతి దీనికి చాలదు. దీనికి రాగి మందు అవసరము. ఇక్కడ చెరువు రైతులకు ఒక హెచ్చరిక. చెరువులో మైలుతుత్తమును చేతి అంచనాతో చల్లు అలవాటును తొట్టెకు తేరాదు. నీటిలో ఉండవలసిన రాగి లీటరుకు 0.15 నుండి 0.20 మిల్లీగ్రాములు. వంద లీటర్లకు మైలుతుత్తము లెక్క కట్టినచో సుమారు 80 మిల్లీగ్రాములు మాత్రమే. ఒక చిటికెడు వేసిన అంతకు మూడు నాలుగింతలు పడవచ్చును. కాబట్టి అక్వేరియం కొరకు తయారైన రాగి మందును, దాని టెస్ట్ కిట్‌ను కలిపి కొనవలెను. సూచించిన మోతాదు దినమునకు రెండుసార్లు పరీక్షించి నిలుపవలెను. మోతాదు తగ్గిన క్రిమి బ్రతుకును, పెరిగిన చేప చచ్చును. రొయ్యలు, పగడములు ఉన్న తొట్టెలో రాగి వేయనే రాదు.

సరకు కొనునప్పుడు సముద్రములో పట్టిన చేప కంటె హేచరీలో పుట్టిన చేపను కోరుట మంచిది. కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మండపము, విళిఞ్ఞం కేంద్రములలో క్లౌన్ చేపల ఉత్పత్తి విధానమును అభివృద్ధి చేసినది. అట్టి పిల్లలు తొట్టెకు, మేతకు అలవాటు పడియుండును. సముద్రపు గుర్రములు, పగడములు 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేర్చబడినవి. ఎవరు చౌకగా ఇచ్చినను వాటిని కొనరాదు. ఆ సరకుపై బ్యాంకు రుణమును ఇయ్యదు.

రుణము విషయమై రెండు మాటలు. నాలుగు వారములు సరకు అమ్మకుండ ఉంచుట యన్న అంత కాలము పెట్టుబడి నిలిచిపోవును. ఈ సంగతి దరఖాస్తులోనే చూపి, నిర్వహణ పెట్టుబడిని ఆ మేరకు లెక్కకట్టి, మొదటి వాయిదాను అందుకు తగినట్లు కోరవలెను. చాలమంది దీనిని దాచి, తక్కువ మొత్తము అడిగి, వాయిదా కొరకు రెండవ వారముననే చేపను అమ్మకమునకు పెట్టుచున్నారు. కేవల వ్యాపారమునకు ముద్ర పథకమున శిశు విభాగములో 50,000 రూపాయల వరకు రుణము పొందవచ్చును. పెంపకము చేయువారి కొరకు 2018-19 బడ్జెటు ద్వారా కిసాన్ క్రెడిట్ కార్డు మత్స్య రంగమునకు విస్తరింపబడినది.

దరఖాస్తుతో పాటు ఒక రిజిస్టరు నమూనా కూడ తెచ్చినచో శాఖ అధికారికి మీ పద్ధతి తెలియును. అందులో సరకు వచ్చిన తేదీ, పంపినవాని పేరు, బిల్లు సంఖ్య, సంచి నీటి సెలినిటీ, వచ్చునప్పటికే చచ్చినవి ఎన్ని, ఏ దినమున ఏ లక్షణము, ఏ మందు, ఏ తేదీన అమ్మకపు తొట్టెకు మార్చినది వ్రాయవలెను. చచ్చిన చేపలను సంచిలోనే ఉంచి ఫోటో తీసి, అదే దినమున సరకు పంపినవానికి తెలియజేయవలెను. మరునాడు చెప్పిన మాటకు పరిహారము రాదు.