ఒకే పని - ఒకే కూలి

శనివారం సాయంత్రం. ఇల్లు కట్టే చోట పని ముగిసింది. మేస్త్రి కూలి డబ్బులు పంచుతున్నాడు. మగవాళ్లకు రోజుకు 700 రూపాయలు. ఆడవాళ్లకు రోజుకు 500 రూపాయలు.

అక్కడ ఇద్దరు ఆలుమగలు పని చేస్తున్నారు. ఇద్దరూ పొద్దున ఒకే వేళకు వస్తారు. ఇద్దరూ మాలు తట్టలు మోస్తారు. ఒకే నిచ్చెన ఎక్కుతారు.

ఇన్నాళ్లూ ఆమె కూలి పుస్తకంలో వేలిముద్ర వేసేది. ఈ మధ్యనే రాత్రి బడిలో చదువు నేర్చింది. ఆ రోజు సంతకం పెట్టబోతూ పుస్తకం చదివింది.

భర్త పేరు ఎదురుగా 'మాలు మోత, 6 రోజులు, 4,200' అని ఉంది. ఆమె పేరు ఎదురుగా 'మాలు మోత, 6 రోజులు, 3,000' అని ఉంది. వారానికి 1,200 రూపాయలు తేడా!

"మేస్త్రిగారూ, పని ఒకటే అని మీరే రాశారు. కూలి ఎందుకు తగ్గింది?" అని అడిగింది.

"ఆడకూలి అంతేనమ్మా. తాతల నాటి నుంచీ ఇంతే" అన్నాడు మేస్త్రి.

దారిలో భర్త కోప్పడ్డాడు. "ఎందుకే నీకీ గొడవ? నీకు పెంచాలంటే నా కూలి కోస్తారు."

రాత్రి బడిలో ఆమె ఈ సంగతి చెప్పింది. టీచరమ్మ అందరినీ దగ్గర కూర్చోబెట్టింది.

"ఇది కొత్త మాట కాదు. ఒకే పనికి ఒకే వేతనం అని మన రాజ్యాంగంలోనే ఉంది. 1976లో దీనికి చట్టం వచ్చింది. 2019లో పార్లమెంటు వేతనాల కోడ్ అనే చట్టం చేసింది. పాత చట్టాలు నాలుగింటిని అందులో కలిపారు. అది 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది" అని చెప్పింది.

ఆ చట్టం ఏం చెబుతుంది?

1. ఒకే రకం పనికి ఆడ, మగ తేడా లేకుండా ఒకే కూలి ఇవ్వాలి.
2. సమానం చేస్తామని ఎవరి కూలీ తగ్గించకూడదు.
3. ప్రభుత్వం పెట్టిన కనీస కూలికి తగ్గకూడదు.
4. రావలసినదాని కంటే తక్కువ ఇచ్చిన యజమానికి 50,000 రూపాయల దాకా జరిమానా పడుతుంది.
5. రావలసిన కూలి కోసం 3 ఏళ్ల లోపు అర్జీ పెట్టవచ్చు. కూలివాళ్ల తరఫున సంఘం కూడా పెట్టవచ్చు.
6. కూలి ఇచ్చానని రుజువు చూపవలసింది యజమానే.

భార్యను తీసుకుపోవడానికి వచ్చిన భర్త గుమ్మం దగ్గర నిలబడి విన్నాడు. "అయితే నా కూలి తగ్గదన్నమాట" అన్నాడు.

ఒక ముసలమ్మ అడిగింది. "అడిగితే పనిలోంచి తీసేస్తే?"

"ఆ భయం నిజమే పెద్దమ్మా. అందుకే ఒక్కరు కాదు, అందరూ కలిసి అడగాలి. పని చేసిన రోజులు మీ పుస్తకంలో రాసుకోండి. లేబర్ ఆఫీసులో అర్జీ ఇవ్వండి. ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. ఆడవాళ్లకు ఉచితంగా వకీలును కూడా పెడతారు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. లేదా 15100కు ఫోన్ చేయండి."

సోమవారం ఆడవాళ్లంతా కలిసి వెళ్లారు. ఆమె భర్త కూడా వాళ్ల పక్కనే నిలబడ్డాడు. మేస్త్రి యజమానిని పిలిపించాడు. యజమాని చాలాసేపు ఆలోచించాడు. "సరే, ఈ వారం నుంచి అందరికీ 700" అన్నాడు.

"మరి పాత బాకీ?" అని ఆమె అడిగింది.

యజమాని మాట్లాడలేదు.

ఆ రాత్రి బడిలో అందరూ కలిసి అర్జీ రాశారు. మొదటి సంతకం ఆమెదే.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ ఊళ్లో ఆడకూలి ఎంత? మగకూలి ఎంత? ఏ ఏ పనుల్లో తేడా ఉంది?
2. రోజుకు 200 రూపాయలు తేడా. నెలకు 26 రోజులు పని. మొత్తం ఎంత నష్టం?
3. మీరు పని చేసిన రోజులు, అందిన కూలి ఈ వారం నుంచి రాసి పెట్టుకోండి.