నీ కోడ్ నీదని చూపించుకో

గుంటూరు

చిరంజీవి మాధురికి,

బెర్లిన్‌లో ఉద్యోగం, దానితోపాటు నీ సొంత ప్రోగ్రామును జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద విడుదల చెయ్యడం, రెండూ విని పొంగిపోయాను. "జర్మనీ కోర్టులు ఆ లైసెన్సును ఎప్పుడో ఒప్పుకున్నాయి, ఇంక భయమేముంది?" అన్నావు. ఆ మాట దగ్గరే ఆగాను.

ఒప్పుకున్నది నిజమే. 2004లో మ్యూనిక్ జిల్లా కోర్టు లినక్స్‌లోని నెట్‌ఫిల్టర్ ప్రోగ్రాము రచయితల్లో ఒకరైన హరాల్డ్ వెల్టే పక్షాన సైట్‌కామ్ కంపెనీ మీద ఇంజంక్షన్ ఇచ్చింది. షరతులు మీరితే లైసెన్సు దానంతటదే రద్దవుతుంది, ఆపైన పంచిపెట్టడం కాపీరైటు ఉల్లంఘనే అంది. షరతులు ఇంగ్లీషులో ఉన్నా చెల్లుతాయంది. అయితే మన సుప్రీంకోర్టు మాట 141వ అధికరణం కింద అన్ని కోర్టులకూ శిరోధార్యమైనట్టు, మ్యూనిక్ జిల్లా కోర్టు తీర్పు హాంబర్గ్ జడ్జికి శిరోధార్యం కాదు. తర్కం నచ్చితే పాటిస్తారు, అంతే.

ఆ హాంబర్గ్‌లోనే క్రిస్టోఫ్ హెల్‌విగ్ దావా నడిచింది. లినక్స్ కెర్నెల్‌లో ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి. 2015లో వీఎంవేర్ మీద వేశాడు. 2016లో కొట్టేశారు, 2019లో అప్పీలూ పోయింది. లైసెన్సును మీరారా లేదా అన్న అసలు ప్రశ్న దాకా కోర్టు వెళ్లనే లేదమ్మా! ఎందరో కలిసి రాసిన కోడ్‌లో ఆయన రాసింది ఏది, దానికి విడిగా రక్షణ వస్తుందా, అదే వాళ్ల ఉత్పత్తిలో ఉందా, ఇవి తగినంతగా నిరూపించలేదన్నారు. ఆ ఫలితం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. పొలం తగాదాలో అడంగల్ సరిగా లేని రైతు ఎంత దున్నినా ఏం లాభం?

గెలిచినా ఓపిక కావాలి. ఫ్రాన్సులో ఆంత్రూవేర్ అనే చిన్న సంస్థ తన జీపీఎల్ ప్రోగ్రాము విషయంలో 2011లో టెలికాం కంపెనీ ఆరెంజ్ మీద కోర్టుకెక్కింది. ఇది కాపీరైటు గొడవ కాదు, ఒప్పందం గొడవ అని కింది కోర్టులు తోసేస్తే, 2022లో అక్కడి అత్యున్నత కాసేషన్ కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. పరిహారం ఖరారయ్యేసరికి 2024 వచ్చింది.

కనుక ప్రతి మార్పూ నీ పేరుతో, తేదీతో నమోదు చెయ్యి. ఇతరుల ప్యాచ్‌లు ఎవరివో వేరుగా రాసిపెట్టు. ఇంకొకటి, జర్మన్ చట్టం ప్రకారం ఉద్యోగంలో భాగంగా రాసిన ప్రోగ్రాము మీద ఆర్థిక హక్కులు, ఒప్పందంలో వేరే మాట లేకపోతే, యజమానివే. నీ సొంత ప్రోగ్రామును ఆఫీసు పనితో కలపకు. సంతకం పెట్టేముందు ఆ ఉద్యోగ ఒప్పందం కాపీ నాకు పంపు, ఇద్దరం కలిసి చదువుదాం.

ఇట్లు,
మీ పెదనాన్న