అవుట్‌బోర్డు మోటారు గేరుకేసు: రోగ నిర్ణయం

సంచికకు ఏదైనా శాస్త్ర విషయం రాసిమ్మని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు రాకెట్ల గురించో, కంప్యూటర్ల గురించో రాద్దామని మొదట అనుకున్న మాట నిజం. కాని అవి నాకు పుస్తకాల్లో చదివినంత మేరకే తెలుసు. చేతులకు నూనె అంటించుకుని నేర్చుకున్నది ఒక్కటే ఉంది. అందులోనూ సగం తప్పు చేసి నేర్చుకున్నదే. కనుక అదే రాస్తున్నాను.

మాది ఉప్పాడ దగ్గర. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అనగా 61 రోజులు, ఇంజను పడవలతో సముద్రంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ కట్టడి. ఆ రెండు నెలలూ ఒడ్డున వలలు బాగుచేసుకునే వాళ్ళు, ఇంజన్లు విప్పించుకునే వాళ్ళు. మా మావయ్య షెడ్డుకి అదే సీజను. మన వేసవి సెలవులూ అప్పుడే గదా! రెండేళ్ళుగా నా సెలవులన్నీ ఆ షెడ్డులోనే.

అవుట్‌బోర్డు మోటారంటే పడవ వెనక చెక్కకు బయటి నుంచి తగిలించే మోటారు. 1909లో అమెరికాలోని మిల్వాకీలో ఓలే ఎవిన్‌రూడ్ తయారుచేసి అమ్మిన నాటి నుంచీ దాని మూల స్వరూపం ఒకటే. పైన ఇంజను, మధ్యలో నిలువు షాఫ్టు, అడుగున నీళ్ళలో మునిగి ఉండే గేరుకేసు, దాని వెనక పంకా. నిలువు షాఫ్టు చివర పినియను ఉంటుంది. దానికి ముందొకటి, వెనకొకటి రెండు బెవెల్ గేర్లు ఎప్పుడూ పట్టుకునే ఉంటాయి. ఇంజను తిరిగినంతసేపూ ఆ రెండూ ఒకదానికొకటి ఎదురు దిక్కుల్లో ఊరికే తిరుగుతుంటాయి. మధ్యలో డాగ్ క్లచ్ అనే పళ్ళ ముక్క పంకా షాఫ్టు మీద జరుగుతుంది. ముందు గేరును పట్టుకుంటే పడవ ముందుకి, వెనక గేరును పట్టుకుంటే వెనక్కి, ఏదీ పట్టకపోతే న్యూట్రల్. నేను విప్పిన మోటారులో పినియనుకు 13 పళ్ళు, గేరుకు 27. అంటే ఇంజను నిమిషానికి 5000 చుట్లు తిరిగితే పంకా సుమారు 2400 చుట్లు తిరుగుతుంది. ఇంత పనీ ఒక గ్లాసెడు గేరు ఆయిలులో, చుట్టూ ఉప్పునీళ్ళ మధ్య జరగాలి. ఆ నీళ్ళను ఆపేవి వేలి మందం కూడా లేని రబ్బరు సీళ్ళు.

"ఇంజను రేసవుతోంది, పడవ కదలటం లేదు" అని ఎవరైనా వస్తే, గేరుకేసు పోయిందని వెంటనే నిర్ణయించకూడదు. చిన్న మోటార్లలో పంకాకు అడ్డంగా ఒక పిన్ను ఉంటుంది. పంకా ఇసుక తిన్నెకో, దుంగకో తగిలితే గేర్లను కాపాడటానికి ముందు అది తెగుతుంది. కాస్త పెద్ద వాటిలో పంకా నడుమ రబ్బరు బుష్షు ఉంటుంది. అది జారుతోందేమో తెలుసుకోవటానికి మావయ్య పద్ధతి: బుష్షు లోపలి గొట్టం నుంచి పంకా మీదికి కలిసేలా పెయింటుతో ఒక గీత గీసి, మోటారు కాసేపు నడిపి చూడటం. గీత రెండు ముక్కలై పక్కకు జరిగితే దోషం పంకాది, గేర్లది కాదు. నిలువు షాఫ్టు పైకొన మీది స్ప్లైన్లు తుప్పుపట్టి అరిగినా ఇదే లక్షణం కనిపిస్తుంది. గేరు వేసినప్పుడు గట్టిగా శబ్దం చేస్తూ, పట్టి మళ్ళీ జారిపోతుంటే మాత్రం డాగ్ క్లచ్ మూలలు గుండ్రబడ్డాయేమో చూడాలి. భయపడుతూ మెల్లగా గేరు వేసేవాళ్ళ మోటార్లలోనే ఇది ఎక్కువ. టక్కున వేస్తేనే పళ్ళు సరిగ్గా కూర్చుంటాయి.

ఇక అసలు పరీక్ష ఆయిలుది. మోటారును రాత్రంతా నిలువుగా ఉంచి, పొద్దున్నే కదపకుండా కింది స్క్రూ కొంచెం వదులు చెయ్యాలి. నీళ్ళు బరువు కనుక, లోపల ఉంటే ముందు అవే కారతాయి. ఆయిలు పాలు కలిపిన కాఫీలా ఉందంటే నీళ్ళు కలిసి చిలికినట్టు అయిపోయిందన్న మాట. నల్లబడి మాడు వాసన వస్తే ఆయిలు చాలక వేడెక్కింది. స్క్రూ కొస అయస్కాంతానికి బూడిదరంగు మెత్తటి గుజ్జు అంటుకుంటే అది మామూలు అరుగుదల. గోటి ముక్కల్లా మెరిసే రేకులు కనిపిస్తే విప్పక తప్పదు.

నీళ్ళు మోటారు నడిచేటప్పుడే దూరతాయని నేను అనుకునేవాణ్ణి. కాదు. నడుస్తున్నంతసేపూ లోపలి గాలీ ఆయిలూ వేడెక్కి వ్యాకోచిస్తాయి. మోటారు ఆపగానే చల్లటి నీళ్ళలో ఉన్న గేరుకేసు చల్లబడి, లోపలి గాలి కుదించుకుపోతుంది. సీలులో వెంట్రుక మందం దారి ఉన్నా చాలు, ఆ వెలితి నీళ్ళను లోపలికి పీల్చుకుంటుంది. ఇంటర్‌లో చదివిన వాయు నియమమే. పరీక్షలో మార్కులొచ్చాయి గాని, షెడ్డులో గుర్తుకురాలేదు.

ఇప్పుడు నా తప్పు సంగతి. నిరుడు మే నెలలో ఒక ఫైబర్ పడవ మోటారు వచ్చింది. ఆయిలు పాలలా ఉంది. పంకా తీసి చూస్తే షాఫ్టుకు తెగిన వలల తంగూసు దారం పిడికెడు చుట్టుకుని ఉంది. అది కరిగి, బిగుసుకుని సీలును కోసేసింది. రోగం దొరికిందని సంబరపడ్డాను. దారం కోసి తీసి, రెండు సీళ్ళూ మార్చి, వాటి లిప్పులు ఏ దిక్కుకి ఉండేవో అదే దిక్కుకి పెట్టి, 90 నంబరు ఆయిలు పోసి బిగించేశాను. ఆయిలు పొయ్యటం మాత్రం సక్రమంగానే చేశాను. కింది రంధ్రం నుంచి ఎక్కించి, పై రంధ్రంలోంచి బుడగలు లేకుండా పొర్లాక ముందు పైది బిగించి, తర్వాత కిందది. పైనుంచి పోస్తే గాలి మధ్యలో చిక్కి సగమే నిండుతుంది. మావయ్య ఆ రోజు ఊళ్ళో లేడు.

నిషేధం తీరిన మూడు వారాలకి ఆ పడవను ఇంకో పడవ కట్టి లాక్కొచ్చింది. ఒడ్డుకు చాలా దూరంలో లోపల ఏదో పగిలిన చప్పుడు, ఆ తర్వాత పంకా తిరగలేదట. నలుగురు మనుషులు, ఎదురుగాలి, చేతిలో తెడ్లు. చీకటి పడేలోగా ఇంకో పడవ కంటపడింది కాబట్టి సరిపోయింది. పడవాయన నన్ను తిట్టలేదు. "నువ్వు చూసేవు గదా అని ధైర్యంగా ఎల్లాం బాబూ" అన్నాడు, అంతే.

విప్పితే ఆయిలు మళ్ళీ పాలే. ముందు గేరు వెనకాల బేరింగు తుప్పుతో గుంటలుపడి ఒక గుండు చితికింది. బేరింగు వదులై గేరు పక్కకు జరిగి, పినియను పళ్ళు రెండు విరిగాయి. మావయ్య పంకా షాఫ్టును గుడ్డతో తుడిచి నా చేతికిచ్చి, "ఏరా అల్లుడూ, దీని మీద గోరు పెట్టి చూసేవా అప్పుడు?" అన్నాడు. పెట్టాను. పాత సీలు లిప్పు కూర్చునే చోట చుట్టూ సన్నటి గాడి. కంటికి గీతలాగే ఉంది, గోరు మాత్రం ఆగుతోంది. కొత్త సీలు లిప్పు అదే గాడిలో కూర్చుంది, సరిగ్గా అంటలేదు. సీలు పోవటానికి దారం కారణమే, కాని దారం తీసేస్తే షాఫ్టు బాగుపడదు గదా!

షాఫ్టు, రెండు బేరింగులు, పినియను, ముందు గేరు కొత్తవి వచ్చేసరికి రెండు వారాలు పట్టింది. వేట బాగా పడే రోజులవి. సామాన్ల ఖర్చు మావయ్య పెట్టుకున్నాడు. ఆ రెండు వారాల వేట ఎవరూ ఇవ్వలేకపోయారు. గేర్లు మార్చినప్పుడు షిమ్ములు సరిచూసి, పళ్ళకు నీలిరంగు పూసి ఒరుసుకున్న మచ్చ ఎక్కడ పడుతోందో చూడాలి. మచ్చ పంటి మధ్యలో పడాలి, అంచున కాదు. మన డిజైను తరగతిలో బోర్డు మీద గీసిన బొమ్మే అది. అక్కడ చేత్తో చూశాక గాని నాకు అర్థం కాలేదు.

ఈసారి ఆయిలు పొయ్యకముందు పై రంధ్రానికి చిన్న చేతిపంపు, మీటరు తగిలించి సుమారు 10 పౌండ్ల ఒత్తిడి పెట్టాము. ఒత్తిడి మరీ ఎక్కువైతే బాగున్న సీళ్ళు కూడా దెబ్బతినవచ్చు. ముల్లు అయిదు నిమిషాలు కదలకూడదు. షాఫ్టులు తిప్పుతూ, గేరు మారుస్తూ చూడాలి, ఎందుకంటే కొన్ని సీళ్ళు కదిలినప్పుడే కారతాయి. పంకా షాఫ్టు దగ్గర సబ్బునీళ్ళు రాశాను. ఒక్క బుడగ లేదు. ముల్లు మాత్రం మెల్లగా దిగుతోంది. అన్నిచోట్లా రాసుకుంటూ పైకి వస్తే, గేరు మార్చే రాడ్డు దిగే చోట ఆవగింజంత బుడగ లేచింది. మే నెలలో నేను ఆ వైపు చూడనే లేదు. మావయ్య డబ్బాలోంచి చిన్న ఓ-రింగు ఏరి నా చేతిలో పెట్టాడు. అదీ మార్చి, మళ్ళీ పంపు కొట్టాము.