పాఠం: దోమతెర పసిపిల్లల ప్రాణం కాపాడగలదా?

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• మలేరియా ఎలా వ్యాపిస్తుందో చెప్పగలుగుతారు.
• ఒక ఆరోగ్య పరిశోధనలో పోలిక ఎందుకు అవసరమో వివరించగలుగుతారు.
• మీ ఇంట్లో పిల్లలను మలేరియా నుండి కాపాడుకోగలుగుతారు.

1. దోమకూ జ్వరానికీ సంబంధం

చెడుగాలి వల్ల చలిజ్వరం వస్తుందని పూర్వం నమ్మేవారు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ అనే వైద్యుడు మలేరియా రోగి రక్తం తాగిన దోమ కడుపులో ఆ వ్యాధి క్రిమిని చూశాడు. మలేరియాపై చేసిన కృషికి 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఆడ అనాఫిలిస్ దోమ ఈ క్రిమిని ఒకరి నుండి మరొకరికి చేరవేస్తుంది. ఇది ఎక్కువగా రాత్రివేళ కుడుతుంది.

"అయితే దోమతెర కడితే చాలు కదా!" అని మీరు అనవచ్చు. కాని తెర చిరిగినా, నిద్రలో చేయి తెరకు ఆనినా దోమ కుడుతుంది. అందుకే తెరను దోమల మందులో ముంచి ఆరబెట్టే పద్ధతి వచ్చింది. ఆ తెరపై వాలిన దోమ చస్తుంది. మరి దీనివల్ల పిల్లల మరణాలు నిజంగా తగ్గుతాయా?

2. కిలిఫీ పరిశోధన

కెన్యా దేశపు సముద్రతీరంలో కిలిఫీ అనే గ్రామీణ ప్రాంతం ఉంది. 1993లో పరిశోధకులు అక్కడి పల్లెలను 56 భాగాలుగా చేశారు. ఎవరి ఇష్టాయిష్టాలకూ తావులేకుండా, చీట్లు తీసినట్లుగా 28 భాగాలను ఎంపిక చేసి మందు తెరలు ఇచ్చారు. మిగిలిన 28 భాగాలను పోలిక కోసం ఉంచారు. రెండేళ్లపాటు రెండుచోట్లా పిల్లల మరణాలను లెక్కించారు.

అందరికీ ఒకేసారి ఎందుకు ఇవ్వలేదు? అందరికీ ఇచ్చిన ఏడాది వానలు తక్కువై దోమలు తగ్గాయనుకోండి. మరణాలు తగ్గింది తెర వల్లనా, వానలు లేక పోవడం వల్లనా? చెప్పలేం. పోలిక ఉంటేనే తెలుస్తుంది. అయితే మేలు రుజువైన తరువాత కూడా కొందరికి తెరలు ఇవ్వకపోవడం అన్యాయమే అవుతుంది.

3. ఫలితం

తెరలు ఇచ్చిన చోట అయిదేళ్లలోపు పిల్లల మరణాలు 33 శాతం తగ్గాయి. అంటే తెరలు లేకుంటే 100 మంది పిల్లలు చనిపోయే చోట 67 మంది చనిపోయారన్న మాట. తక్కిన 33 మంది తల్లులకు కడుపుకోత తప్పింది. ఇది మలేరియా మరణాల లెక్క మాత్రమే కాదు, అన్ని కారణాల మరణాల లెక్క. పల్లెల్లో చాలామంది పిల్లలు ఇంటివద్దనే చనిపోతారు. కారణం కచ్చితంగా తెలియదు. కాబట్టి మొత్తం మరణాలను లెక్కించడమే నమ్మదగిన పద్ధతి.

ఆనాటి తెరలను ఆరు నెలలకోసారి మందులో ముంచవలసి వచ్చేది. ఇప్పుడు కొన్నేళ్లపాటు మందు నిలిచే తెరలు వచ్చాయి. ఆఫ్రికా పిల్లల కోసం 2021లో మొదటి మలేరియా టీకాను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. టీకా వచ్చినా తెర అవసరం తీరలేదు.

4. మీరు చేయవలసినవి

• పిల్లలను, గర్భిణులను తప్పక తెరలో పడుకోబెట్టండి. తెర అంచులను పరుపు కిందికి లేదా చాప కిందికి మడవండి.
• బిడ్డకు జ్వరం వస్తే ఆలస్యం చేయక రక్తపరీక్ష చేయించండి.
• జ్వరం తగ్గినా మందులు పూర్తిగా వాడండి.
• ఫిట్స్ వచ్చినా, బిడ్డ మగతగా ఉన్నా, పాలు తాగకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మామూలు తెర కంటే మందు తెర ఎందుకు మేలు?
2. కిలిఫీలో 28 భాగాలకు మొదట తెరలు ఎందుకు ఇవ్వలేదు?
3. మీ ఇంట్లో రాత్రి ఎవరు తెర లేకుండా పడుకుంటున్నారు? వారిలో మొదట ఎవరికి తెర కావాలి? ఎందుకు?