సమీపక్షేత్ర కాంతి సూక్ష్మదర్శిని: త్రిమితీయ చిత్రణలో కచ్చితత్వానికి గల పరిమితులు

పొగాకు మొజాయిక్ వైరస్ రేణువు పొడవు సుమారు 300 నానోమీటర్లు, వ్యాసం 18 నానోమీటర్లు. సాధారణ కాంతి సూక్ష్మదర్శిని ఇంత సన్నని నిర్మాణ వివరాలను చూపలేదు. తరంగదైర్ఘ్యంలో సుమారు సగం కంటే దగ్గరగా ఉన్న రెండు బిందువులను అది వేరుచేయజాలదని 1873లో ఎర్నెస్ట్ ఆబే వివరించారు. అంతకంటే సూక్ష్మమైన వివరాలను మోసే కాంతి తరంగాలు వస్తువు ఉపరితలాన్ని విడిచి దూరం పోవు, అక్కడే క్షీణిస్తాయి. వాటిని అందుకోవడానికి అతి చిన్న రంధ్రాన్ని ఉపరితలానికి ఆనుకొనేంత దగ్గరగా కదిలించాలని 1928లో సింజ్ ప్రతిపాదించారు. 1984లో జ్యూరిచ్‌లో పోల్ బృందం దృశ్యకాంతితో దానిని సాధించింది. అనంతర కాలంలో పరారుణ కాంతితో ఒంటరి పొగాకు మొజాయిక్ వైరస్ రేణువులను సైతం చిత్రించడం సాధ్యమైంది.

ఉపరితల చిత్రణ ఇంతగా ఫలించినా లోతు విషయంలో పరిస్థితి వేరు. ప్రతి 50 నానోమీటర్లకు ఒకసారి పునరావృతమయ్యే నిర్మాణాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. అది ప్రోబ్ మొనకు 25 నానోమీటర్ల దూరంలో ఉంటే దాని సంకేతపు కంపన పరిమితి సుమారు 23వ వంతుకు, 50 నానోమీటర్ల దూరంలో 535వ వంతుకు తగ్గుతుంది. 100 నానోమీటర్ల దూరంలో మిగిలేది దాదాపు 2.87 లక్షలవ వంతు మాత్రమే.

త్రిమితీయ ప్రతిబింబాన్ని పునర్నిర్మించే గణన ఈ క్షీణతను వెనుకకు తిప్పాలి, అనగా బలహీన సంకేతాన్ని అన్ని రెట్లు పెంచాలి. అప్పుడు కొలతలోని నాయిస్ కూడా అన్ని రెట్లు పెరుగుతుంది. దానిని అణచడానికి గణనను క్రమబద్ధీకరిస్తే సూక్ష్మ వివరాలు చెరిగిపోతాయి. నాయిస్ సంకేతంలో వెయ్యవ వంతు ఉన్నప్పుడు పై నిర్మాణం సుమారు 55 నానోమీటర్ల లోతు వరకే గుర్తుకు వస్తుంది. పరికరాన్ని ఎంతో శ్రమించి పది రెట్లు మెరుగుపరచినా అదనంగా దక్కేది 18 నానోమీటర్లే! కంప్యూటర్ చిత్రంలో గడి పరిమాణాన్ని 5 నానోమీటర్లుగా ఎంచుకున్నంత మాత్రాన విభేదన సామర్థ్యం 5 నానోమీటర్లు కాబోదు.

మొక్కల నమూనాలలో మరొక చిక్కు ఉంది. ఆకు మైనపు పొర ఎగుడుదిగుడుగా ఉంటుంది. మొన ఆ ఎత్తుపల్లాలను అనుసరించి కదిలినప్పుడు కాంతి తీవ్రతలో వచ్చే మార్పు పదార్థ భేదంగా భ్రమింపజేస్తుంది. మొనను ఒకే ఎత్తులో నడిపి తీసిన చిత్రంతో సరిపోల్చితే ఈ దోషం చాలావరకు బయటపడుతుంది. మొనకు, నమూనాకు మధ్య కాంతి పలుమార్లు పరావర్తనం చెందడాన్ని విస్మరించే సరళ గణన నమూనాలు కూడా లోతును తప్పుగా చూపగలవు.

మొక్కల ప్రాథమిక కణకవచం మందం సాధారణంగా 100 నానోమీటర్లు లేదా అంతకు మించి ఉంటుంది. కనుక దాని అడుగు భాగపు సూక్ష్మ నిర్మాణాన్ని పైనుంచి తీసిన ఒక్క స్కానింగుతో నిర్ధారించరాదు. పలుచని ఛేదాలు తీసి, ప్రతి ఛేదపు ఉపరితలాన్ని విడిగా చిత్రించడం మేలు. ప్రచురించే చిత్రం పక్కన ఒకే విభేదన సంఖ్యకు బదులు, లోతును బట్టి అది ఎలా మారుతుందో పేర్కొనడం అవసరం.